ఎంటీఈ పరీక్షలో క్యూఎమ్యూ క్రాష్: కూలింది ఎవరో తేల్చి, మూలం పట్టుకునే సమగ్ర మార్గదర్శి

ఆర్మ్ ప్రాసెసర్లలోని మెమరీ ట్యాగింగ్ ఎక్స్‌టెన్షన్‌ను, అందరూ పిలిచే పేరుతో ఎంటీఈని, వేరే ప్రాసెసర్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే క్యూఎమ్యూ ఎమ్యులేటర్‌లో పరీక్షిస్తుంటే టెర్మినల్‌లో ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని పడుతుంది. చూసినవాళ్లు వెంటనే ‘ఎమ్యులేటర్ క్రాష్’ అని బగ్ రాసేస్తారు. అందులో చాలా వాటిలో ఎమ్యులేటర్ తప్పేమీ ఉండదు. తప్పుడు చిరునామా మీద చెయ్యి వేసిన ప్రోగ్రామ్‌ను ఎంటీఈ పట్టుకుని ఆపింది, అంతే. కొన్నిసార్లు మాత్రం నిజంగానే క్యూఎమ్యూ కూలుతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు షెల్‌కు ఇచ్చే అంకె) కూడా ఒకటే కావచ్చు. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు కూలింది ఎవరో తేల్చడానికే ఇచ్చాం. అది తేలితే మిగతా పని సగం అయిపోయినట్టే.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లోనైనా, కూకట్‌పల్లి హాస్టల్ గదుల్లోనైనా చేతిలో ఉండేది ఎక్కువగా ఇంటెల్ లేదా ఏఎండీ ల్యాప్‌టాప్. వాటిలో ఎంటీఈ ఉండదు. కోఠీకి వెళ్లి రాస్‌ప్బెర్రీ పై 5 కొని తెచ్చుకున్నా లాభం లేదు. అందులోని కార్టెక్స్-ఏ76 ఆర్మ్‌వీ8.2 తరానిది, ఎంటీఈ వచ్చింది ఆర్మ్‌వీ8.5తో. జగదీశ్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ పిక్సెల్ 8 దొరికితే అది పనికొస్తుంది. 2023లో వచ్చిన ఆ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్ల నుంచి ఎంటీఈ ఆన్ చేసుకోవచ్చు. అయితే కెర్నల్ మార్చి మార్చి పరీక్షించడానికి క్యూఎమ్యూ అంత వీలు ఫోన్‌లో ఉండదు.

ఒక్క మాట: ఆదేశాలు, ఆప్షన్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో వాటిని మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే కొట్టాలి.

ఎంటీఈ చేసేది ఇంతే

మెమరీని 16 బైట్ల ముక్కలుగా చూస్తుంది. ఒక్కో ముక్కకు 4 బిట్ల ట్యాగ్ ఉంటుంది, అంటే 0 నుంచి 15 వరకు ఏదో ఒక అంకె. పాయింటర్‌లోనూ 56 నుంచి 59 వరకు ఉన్న బిట్లలో ఇంకో ట్యాగ్ ఉంటుంది. లోడ్ లేదా స్టోర్ జరిగినప్పుడు రెండూ కలవాలి, కలవకపోతే ఫాల్ట్. సింక్ మోడ్‌లో ఫాల్ట్ సరిగ్గా ఆ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే పడుతుంది. ఎసింక్‌లో ప్రాసెసర్ గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత కెర్నల్‌లోకి వెళ్లినప్పుడు సంగతి బయటపడుతుంది. డీబగ్గింగ్‌కు ఎప్పుడూ సింక్‌తోనే మొదలుపెట్టండి. ఎసింక్‌లో ఫాల్ట్ చిరునామా సున్నా అని వస్తుంది, దాంతో ఏమీ పట్టుకోలేరు.

ట్యాగులు దాచడానికి మెమరీలో 32వ వంతు కావాలి. గెస్ట్‌కు, అంటే క్యూఎమ్యూ లోపల నడిచే సిస్టమ్‌కు, 4 జీబీ ఇస్తే క్యూఎమ్యూ ట్యాగుల కోసం అదనంగా 128 ఎంబీ తీసుకుంటుంది. ఈ లెక్కతో కింద పని ఉంది.

మెషీన్‌ను సరిగ్గా నిలబెట్టడం

1. ముందు వెర్షన్ చూడండి. సిస్టమ్ మోడ్‌లో (పూర్తి మెషీన్‌ను అనుకరించేది) ఎంటీఈ క్యూఎమ్యూ 5.1 నుంచి, యూజర్ మోడ్‌లో (ఒక్క ప్రోగ్రామ్‌నే నడిపేది) 6.0 నుంచి ఉంది. ఉబుంటు 22.04 రిపాజిటరీలో వచ్చేది 6.2, డెబియన్ 12లో 7.2, ఉబుంటు 24.04లో 8.2. ఎంటీఈ కోడ్‌లో ఆ తర్వాత చాలా సవరణలు జరిగాయి. ముఖ్యంగా ఎస్‌వీఈ (ఒకేసారి చాలా విలువల మీద పని చేసే ఆర్మ్ ఇన్‌స్ట్రక్షన్లు) వెక్టర్ లోడ్-స్టోర్ల ట్యాగ్ తనిఖీలో ఉన్న తప్పులను 2024 మొదట్లో సరిచేశారు, అవి ఏప్రిల్‌లో వచ్చిన 9.0లో ఉన్నాయి. పాత ప్యాకేజీ మీద కూర్చుని క్రాష్ వెతకడం వృథా శ్రమ. సోర్స్ నుంచి కొత్తది కట్టుకుని, అందులోనూ కూలితేనే ముందుకు వెళ్లండి.

2. మెషీన్ ఇలా మొదలవ్వాలి:

క్యూఎమ్యూ-సిస్టమ్-ఏఆర్చ్64 -మెషీన్ వర్ట్,ఎంటీఈ=ఆన్ -సీపీయూ మాక్స్ -యాక్సెల్ టీసీజీ -ఎస్ఎంపీ 2 -ఎం 2జీ -నోగ్రాఫిక్ -కెర్నల్ ఇమేజ్ -ఇనిట్ఆర్‌డీ రూట్‌ఎఫ్ఎస్ -అపెండ్ "కన్సోల్=టీటీవైఏఎంఏ0"

వర్ట్ మెషీన్‌లో (ఇది క్యూఎమ్యూ ఊహాజనిత ఆర్మ్ బోర్డు) ఎంటీఈ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. సీపీయూ మాక్స్ అని ఒక్కటే ఇస్తే ట్యాగ్ మెమరీ రాదు. సీపీయూగా కార్టెక్స్-ఏ72 ఇచ్చి ఎంటీఈ ఆన్ చేస్తే, గెస్ట్ సీపీయూలో ఎంటీఈ లేదని ఒక వాక్యం చెప్పి క్యూఎమ్యూ ఆగిపోతుంది. అది క్రాష్ కాదు, కాన్ఫిగరేషన్ తప్పు. ఎం1, ఎం2 మ్యాక్‌లలో కూడా హెచ్‌వీఎఫ్ (యాపిల్ హైపర్‌వైజర్ దారి) వద్దు, ఇన్‌స్ట్రక్షన్లను సాఫ్ట్‌వేర్‌తో అనువదించే టీసీజీనే పెట్టండి.

3. కెర్నల్ 5.10 లేదా ఆ తర్వాతది కావాలి, కాన్ఫిగ్‌లో ఏఆర్ఎం64_ఎంటీఈ ఆన్ అయి ఉండాలి. బూట్ అయ్యాక ప్రాక్‌లోని సీపీయూఇన్ఫోలో ఫీచర్ల వరుస చూడండి. అందులో ‘ఎంటీఈ’ లేకపోతే ఇక ఏ పరీక్షకూ అర్థం లేదు. కమాండ్ లైన్‌లో ఏఆర్ఎం64.నోఎంటీఈ పొరపాటున మిగిలిపోయిందేమో కూడా చూసుకోండి.

4. సొంత ఫర్మ్‌వేర్‌తో బూట్ చేసేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. కెర్నల్‌ను క్యూఎమ్యూయే నేరుగా లోడ్ చేస్తే, ఈఎల్3 అనే అత్యధిక అధికార స్థాయిలో ట్యాగులకు అనుమతి ఇచ్చే బిట్ అదే పెడుతుంది. ట్రస్టెడ్ ఫర్మ్‌వేర్ వాడితే ఆ బాధ్యత ఫర్మ్‌వేర్‌ది. ఎంటీఈ మద్దతు లేకుండా కట్టిన ఫర్మ్‌వేర్ అయితే, కెర్నల్ ట్యాగ్ రిజిస్టర్‌ను ముట్టుకోగానే ఈఎల్3లోకి ట్రాప్ అయి, బూట్ మధ్యలోనే ఆగిపోతుంది. అప్పుడు ఫర్మ్‌వేర్‌నే మళ్లీ కట్టాలి.

నమ్మదగ్గ చిన్న పరీక్ష

పెద్ద అప్లికేషన్‌తో మొదలుపెట్టకండి. సీలో నలభై లైన్ల ప్రోగ్రామ్ చాలు. కంపైలర్‌కు ఆర్కిటెక్చర్ ఆర్మ్‌వీ8.5-ఏ+మెమ్‌ట్యాగ్ అని చెప్పి, స్టాటిక్‌గా లింక్ చేయండి. ప్రోగ్రామ్ చేయాల్సింది ఈ వరుసలో ఉంటుంది:

మొదట పీఆర్‌సీటీఎల్ అనే సిస్టమ్ కాల్ పిలుపు. ట్యాగ్డ్ అడ్రస్ కంట్రోల్‌ను ఎనేబుల్ చేసి, సింక్ మోడ్ పెట్టి, ట్యాగ్ మాస్క్‌గా హెక్స్ ఎఫ్ఎఫ్ఎఫ్ఈ ఇవ్వాలి. దాని అర్థం, 0 తప్ప మిగతా 15 ట్యాగులూ రావచ్చు అని. ఈ పిలుపు మరిచిపోతే రెండు జరుగుతాయి: ఫాల్ట్ అసలు పడదు, యాదృచ్ఛిక ట్యాగ్ ఇవ్వాల్సిన ఐఆర్‌జీ ఇన్‌స్ట్రక్షన్ ఎప్పుడూ 0 ట్యాగే ఇస్తుంది. ఈ సెట్టింగ్ థ్రెడ్‌కు చెందినది, కొత్త థ్రెడ్లకు వారసత్వంగా వెళ్తుంది కానీ ముందే పుట్టిన వాటికి అంటదు. కాబట్టి మెయిన్ మొదట్లోనే పిలవండి.

తర్వాత కెర్నల్‌ను మెమరీ అడిగే ఎంమ్యాప్‌తో ఒక పేజీ. రీడ్, రైట్ అనుమతులతో పాటు ప్రాట్_ఎంటీఈ, అంటే హెక్స్ 20, కలపాలి. పేజీ అనామకంగా, అంటే ఏ ఫైల్‌తోనూ ముడిపడకుండా, ఉండాలి. డిస్క్ ఫైల్‌ను మ్యాప్ చేస్తూ ఇదే అడిగితే కెర్నల్ ఒప్పుకోదు. ప్రాట్_ఎంటీఈ లేని పేజీలో ట్యాగ్ రాస్తే అది ఎక్కడా నిలవదు, తనిఖీ జరగదు, ప్రోగ్రామ్ హాయిగా పూర్తవుతుంది. ‘ఎమ్యులేటర్ తప్పు పట్టలేదు’ అనే ఫిర్యాదుల మూలం ఎక్కువగా ఇదే.

ఆ పైన ఐఆర్‌జీతో పాయింటర్‌కు ట్యాగ్, ఎస్‌టీజీతో మొదటి 16 బైట్లకు అదే ట్యాగ్. 0వ బైట్‌లో రాయండి, పని చేయాలి. 15వ బైట్‌లో రాయండి, పని చేయాలి. 16వ బైట్‌లో రాయండి, ఇక్కడే సిగ్నల్ 11 (సెగ్మెంటేషన్ ఫాల్ట్) రావాలి. సిగ్నల్ హ్యాండ్లర్ పెట్టి అందులో ఎస్ఐ_కోడ్ (సిగ్నల్ కారణం) విలువ అచ్చు వేయించండి. 9 అంటే సింక్ ట్యాగ్ ఫాల్ట్, 8 అంటే ఎసింక్. 1 లేదా 2 వస్తే అది మామూలు పేజీ ఫాల్ట్, దానికి ట్యాగులతో సంబంధం లేదు.

ఇక్కడ మనల్ని తప్పుదోవ పట్టించేవి కొన్ని ఉన్నాయి. 24 బైట్ల ఆబ్జెక్ట్‌కు 32 బైట్లు ట్యాగ్ అవుతాయి, కాబట్టి 25వ బైట్ మీద రాసినా పట్టుకోదు. పక్కపక్క ఆబ్జెక్టులకు యాదృచ్ఛికంగా ఒకే ట్యాగ్ పడే అవకాశం 15లో ఒకటి. పరీక్ష ఎప్పుడూ ఒకేలా నడవాలంటే రెండో ఆబ్జెక్ట్‌కు ఐఆర్‌జీ బదులు ఏడీడీజీతో ట్యాగ్ ఒకటి పెంచి ఇవ్వండి. స్టాక్ పాయింటర్‌కు స్థిరమైన ఆఫ్‌సెట్ కలిపి చేసే యాక్సెస్‌లను హార్డ్‌వేరే తనిఖీ చేయదు, అందుకని లోకల్ వేరియబుల్‌తో పరీక్షిస్తే ఏమీ పడకపోవచ్చు. ఎస్‌టీజీకి ఇచ్చే చిరునామా 16తో భాగించబడాలి, లేకపోతే సిగ్నల్ 7 (బస్ ఎర్రర్) వస్తుంది. తప్పు ట్యాగ్ ఉన్న పాయింటర్‌ను రైట్ సిస్టమ్ కాల్‌కు ఇస్తే సిగ్నల్ రాదు, కాల్ ఈఫాల్ట్ అనే ఎర్రర్‌తో తిరిగొస్తుంది.

మెమరీ కేటాయించే మాలక్‌తోనే పరీక్షించాలనుకుంటే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.33 నుంచి దారి ఉంది. మెమరీ ట్యాగింగ్ ఎనేబుల్ చేసి కట్టిన గ్లిబ్‌సీ అయితే, ట్యూనబుల్స్‌లో గ్లిబ్‌సీ.మెమ్.ట్యాగింగ్=3 అని పెడితే సింక్ మోడ్ వస్తుంది.

కూలింది ఎవరు?

నలుగురు అనుమానితులు: గెస్ట్ ప్రోగ్రామ్, గెస్ట్ కెర్నల్, క్యూఎమ్యూ, హోస్ట్ (క్యూఎమ్యూ నడిచే మీ అసలు మెషీన్) లినక్స్.

సిస్టమ్ మోడ్‌లో తేల్చడం సులువు. గెస్ట్ షెల్ ప్రాంప్ట్ ఇంకా బతికే ఉండి, ఎగ్జిట్ కోడ్ 139 వస్తే పోయింది ప్రోగ్రామే. పరీక్ష నెగ్గిందన్నమాట. స్క్రీన్ మీద కెర్నల్ ఊప్స్ (కెర్నల్ తన తప్పును చూపే నివేదిక), అందులో ‘సింక్రనస్ ట్యాగ్ చెక్ ఫాల్ట్’ అని ఉంటే తప్పు కెర్నల్‌లో లేదా మీ డ్రైవర్‌లో ఉంది. కెర్నల్‌లో మెమరీ తప్పులు పట్టే కసాన్ నుంచి ‘కసాన్: ఇన్‌వాలిడ్-యాక్సెస్’ అని రిపోర్ట్ వచ్చినా అంతే. కసాన్ హార్డ్‌వేర్ ట్యాగ్ మోడ్ మొదటి తప్పును మాత్రమే రిపోర్ట్ చేసి, తర్వాత ట్యాగ్ తనిఖీ ఆపేస్తుంది. రెండో పరీక్ష మౌనంగా గడిచిపోతే కంగారు పడకండి, రీబూట్ చేసి మళ్లీ నడపండి.

ఒక మాయ క్రాష్ కూడా ఉంది. కెర్నల్ కమాండ్ లైన్‌లో పానిక్=-1, క్యూఎమ్యూకు నో-రీబూట్ రెండూ ఇచ్చి ఉంటే, గెస్ట్ పానిక్ కాగానే (కెర్నల్ కోలుకోలేక ఆగిపోగానే) క్యూఎమ్యూ నిశ్శబ్దంగా ముగిసిపోతుంది, ఎగ్జిట్ కోడ్ 0తో. కన్సోల్ సెట్ చేయకపోతే పానిక్ సందేశం కూడా కనిపించదు. చూసేవాళ్లకు ఎమ్యులేటర్ మాయమైనట్టు ఉంటుంది.

యూజర్ మోడ్‌లో, అంటే క్యూఎమ్యూ-ఏఆర్చ్64తో బైనరీని నేరుగా నడిపినప్పుడు, గందరగోళం ఎక్కువ. గెస్ట్ ప్రోగ్రామ్ సిగ్నల్ 11తో పోతే, క్యూఎమ్యూ తానూ అదే సిగ్నల్‌తో ముగుస్తుంది, నిజమైన లినక్స్ ప్రవర్తనను అనుకరించడానికి. హోస్ట్ షెల్ 139 చూపిస్తుంది. ఇక్కడ స్టాండర్డ్ ఎర్రర్‌లో పడ్డ వాక్యమే సాక్ష్యం. ‘అన్‌కాట్ టార్గెట్ సిగ్నల్ 11’ అని ఉంటే పోయింది గెస్ట్. కొత్త వెర్షన్లలో ‘క్యూఎమ్యూ ఇంటర్నల్ సిగ్‌సెగ్‌వీ’ అని ఉంటే పోయింది ఎమ్యులేటర్. అనుమానం ఉంటే -ఎస్‌ట్రేస్ ఆప్షన్‌తో మళ్లీ నడపండి. గెస్ట్‌కు అందిన సిగ్నల్, దాని ఎస్ఐ_కోడ్ అందులో కనిపిస్తాయి.

ఎగ్జిట్ కోడ్ 134 అంటే అబార్ట్. దానికి ముందు సోర్స్ ఫైల్ పేరు, లైన్ నంబర్‌తో ‘అసెర్షన్ ఫెయిల్డ్’ అనో, ‘కోడ్ షుడ్ నాట్ బి రీచ్డ్’ అనో ఉంటుంది. ఇది నిఖార్సైన క్యూఎమ్యూ బగ్. గెస్ట్ ఎంత పిచ్చి కోడ్ నడిపినా ఎమ్యులేటర్ అసెర్ట్‌తో కూలకూడదు.

137 వస్తే సాధారణంగా హోస్ట్ చంపేసిందని. హోస్ట్‌లో డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చూడండి, ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని ఉంటుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో గెస్ట్‌కు 4 జీబీ, ట్యాగులకు 128 ఎంబీ, అనువదించిన కోడ్ దాచుకునే టీసీజీ బఫర్‌కు 1 జీబీ దాకా, దానికి తోడు బ్రౌజర్. నిండిపోక ఏమవుతుంది? గెస్ట్‌ను 2 జీబీకి తగ్గించి, యాక్సెల్ టీసీజీ పక్కన టీబీ-సైజ్=256 పెట్టండి.

నిజంగా క్యూఎమ్యూయే అయితే: ఒక్కొక్కటి తీసి చూడండి

ఒకసారికి ఒకే మార్పు చేయండి, ఫలితం రాసుకోండి.

ఎంటీఈ=ఆఫ్ పెట్టి అదే పని నడపండి. అప్పుడూ కూలితే ఇది ఎంటీఈ సమస్యే కాదు. క్రాష్ ఆగితే ముందుకు వెళ్లండి. సీపీయూ మాక్స్ పక్కన ఎస్‌వీఈ=ఆఫ్, ఎస్ఎంఈ=ఆఫ్ ఇవ్వండి. దాంతో నయమైతే వెక్టర్ లోడ్-స్టోర్ల ట్యాగ్ తనిఖీ దారిలో తప్పు ఉంది. మీ కోడ్‌లో ఎస్‌వీఈ ఎక్కడా రాయలేదని కొట్టిపారేయకండి, మెమ్‌కాపీ లాంటి లైబ్రరీ ఫంక్షన్లు సీపీయూ ఫీచర్లు చూసుకుని వాటంతట అవే ఎస్‌వీఈ వాడతాయి. తర్వాత టీసీజీకి థ్రెడ్=సింగిల్. దీంతో ఆగితే వర్చువల్ సీపీయూల మధ్య రేస్ (ఒకే డేటా మీద ఒకేసారి పోటీ) ఉందని బలమైన అనుమానం. చివరగా వన్-ఇన్స్‌న్-పర్-టీబీ=ఆన్ పెట్టండి, 8.1కి ముందైతే సింగిల్‌స్టెప్ ఆప్షన్. క్రాష్ సరిగ్గా ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరో తెలుస్తుంది, కానీ చాలా నెమ్మదిస్తుంది.

లాగ్ కోసం -డీ ఇంట్,గెస్ట్_ఎర్రర్స్,అన్ఇంప్ ఇచ్చి, పెద్ద డీతో ఫైల్ పేరు ఇవ్వండి. అందులో వెతకాల్సింది ఈఎస్ఆర్ (ఫాల్ట్ కారణం చెప్పే రిజిస్టర్) విలువ. యూజర్ ప్రోగ్రామ్ ట్యాగ్ తప్పితే చదివేటప్పుడు హెక్స్ 92000011, రాసేటప్పుడు 92000051 కనిపిస్తుంది. చివరి ఆరు బిట్లలో హెక్స్ 11 ఉంటే అది సింక్ ట్యాగ్ ఫాల్ట్. లాగ్ చివరి ఎంట్రీ ఇదై, ఆ వెంటనే క్యూఎమ్యూ కూలితే తప్పు ఫాల్ట్‌ను అందించే దారిలో ఉంది. ఇలాంటి ఎంట్రీ ఏదీ లేకుండానే కూలితే ట్యాగ్ చదివే, రాసే దారిలో వెతకాలి.

బ్యాక్‌ట్రేస్ (కూలేటప్పటి ఫంక్షన్ పిలుపుల వరుస) లేని రిపోర్ట్‌ను ఎవరూ ముందుకు తీసుకెళ్లలేరు. సోర్స్‌లో ఇలా కట్టండి:

./కాన్ఫిగర్ --టార్గెట్-లిస్ట్=ఏఆర్చ్64-సాఫ్ట్‌ఎంఎంయూ,ఏఆర్చ్64-లినక్స్-యూజర్ --ఎనేబుల్-డీబగ్

యూలిమిట్ -సీ అన్‌లిమిటెడ్ పెట్టి క్రాష్ చేయించి, కోర్‌డంప్‌సీటీఎల్ జీడీబీతో కోర్ (క్రాష్ నాటి మెమరీ నకలు) తెరిచి, ‘థ్రెడ్ అప్లై ఆల్ బీటీ’ కొట్టండి. జీడీబీ కిందే నడిపేటట్టయితే సిగ్‌యూఎస్ఆర్1ను నోస్టాప్, నోప్రింట్, పాస్ చేయండి, క్యూఎమ్యూ దాన్ని తన సీపీయూ థ్రెడ్లను లేపడానికి వాడుతుంది. యూజర్ మోడ్‌లో సిగ్‌సెగ్‌వీ కూడా క్యూఎమ్యూ లోపలి పనికి వాడే సిగ్నలే, జీడీబీ ఆగిన ప్రతిచోటా క్రాష్ అనుకోవద్దు. ట్రేస్‌లో ఎంటీఈ_హెల్పర్ లేదా ఎస్‌వీఈ_హెల్పర్ ఫైల్ పేరు, ‘అలొకేషన్_ట్యాగ్_మెమ్’తో మొదలయ్యే ఫంక్షన్ కనిపిస్తే సరైన చోటికి చేరారు. కూలే చోటు ప్రతిసారీ మారుతుంటే మెమరీ ఎక్కడో ముందే పాడైందని అర్థం. మెమరీ తప్పులు పట్టే --ఎనేబుల్-ఆసాన్‌తో మళ్లీ కట్టండి.

బైసెక్ట్

పాత వెర్షన్‌లో నడిచి కొత్తదాంట్లో కూలితే, కమిట్లను (కోడ్ మార్పులను) సగం సగం వడపోసే గిట్ బైసెక్ట్ దోషిని చూపిస్తుంది. రెండు వరుస రిలీజుల మధ్య వేల కమిట్లు ఉంటాయి, అయినా డజను అంచెల్లో తేలుతుంది. ‘బైసెక్ట్ రన్’తో ఆటోమేట్ చేసేటప్పుడు అందరూ ఇక్కడే బోల్తా పడతారు: స్క్రిప్ట్ 128 లేదా అంతకు మించిన కోడ్ తిరిగిస్తే బైసెక్ట్ మొత్తం ఆగిపోతుంది. క్యూఎమ్యూ క్రాష్ కోడ్ 134 లేదా 139. కాబట్టి స్క్రిప్ట్ దాన్ని పట్టుకుని 1గా మార్చి ఇవ్వాలి. బిల్డ్ విఫలమైతే 125 (ఆ కమిట్‌ను వదిలేయమని), బాగుంటే 0. యూజర్ మోడ్‌లో 139ని గుడ్డిగా 1 చేయకూడదు. గెస్ట్ సహజంగా పోయినా అదే కోడ్ కాబట్టి, ఎర్రర్ వాక్యాన్ని గ్రెప్ చేసి నిర్ణయించండి.

టైమౌట్ ఆదేశం సమయం మించితే 124 ఇస్తుంది, దాన్ని బైసెక్ట్ ‘చెడ్డది’గా లెక్కేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో గంటల తరబడి కంపైల్ చేస్తే ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. ఉదయం నిమిషంలో బూట్ అయిన గెస్ట్ మధ్యాహ్నం రెండు నిమిషాలు పట్టవచ్చు. మామూలు సమయానికి మూడింతలు టైమౌట్ ఇచ్చి, 124ను 125గా మార్చండి. లేకపోతే ఎండ చేసిన పనికి ఏ అమాయకపు కమిట్ మీదో నింద పడుతుంది.

రిపోర్ట్

క్యూఎమ్యూ ప్రాజెక్ట్ గిట్‌ల్యాబ్‌లో ఇష్యూ తెరవండి. ఉండాల్సినవి: క్యూఎమ్యూ కమిట్ ఐడీ, హోస్ట్ ప్రాసెసర్, పూర్తి కమాండ్ లైన్, సోర్స్‌తో సహా చిన్న పరీక్ష, బ్యాక్‌ట్రేస్, పైన తీసి చూసిన మార్పుల ఫలితాలు. యూజర్ మోడ్‌లో కూడా అదే క్రాష్ తెప్పించగలిగితే కెర్నల్ ఇమేజ్ జత చేసే పని తప్పుతుంది, సరిచేసేవాళ్లకు నిమిషాల్లో పునరావృతం అవుతుంది. ఆఫీసు కోడ్‌తో దొరికిన క్రాష్ అయితే ఆ బైనరీని ఎక్కడా పెట్టకండి, అందులో కూల్చే ఇన్‌స్ట్రక్షన్లను మాత్రమే విడిగా అసెంబ్లీలో తిరగరాయండి. టీసీజీ క్రాష్‌లను క్యూఎమ్యూ ప్రాజెక్ట్ భద్రతా లోపాలుగా పరిగణించదు, కాబట్టి రహస్య రిపోర్ట్ అవసరం లేదు, బహిరంగంగానే రాయవచ్చు. సవరణ వచ్చేదాకా పని ఆగకూడదంటే ఎస్‌వీఈ=ఆఫ్ లేదా థ్రెడ్=సింగిల్‌లో ఏది పని చేసిందో దానితో నడుపుకోండి, ఆ ఆప్షన్ ఎందుకు పెట్టారో స్క్రిప్ట్‌లోనే పక్కన ఇష్యూ నంబర్‌తో రాసిపెట్టండి.